బొమ్మలోని కథతో ఇల్లు కట్టడం: ఒక కలంకారీ నుంచి ప్లాను దాకా

కలంకారీ అంటే ప్రాణం అని చెప్పిన ఒక కుటుంబానికి కొన్నేళ్ల కిందట తిరుపతిలో నేను చేసిన హాలు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. గోడ నిండా కలంకారీ ప్రింటు వాల్‌పేపరు, దానికి మ్యాచింగ్ కుషన్లు, చివరికి లాంప్ షేడు మీద కూడా అదే నెమలి. గృహప్రవేశానికొచ్చిన ఒక పెద్దాయన చేతులు వెనక కట్టుకుని కాసేపు చూసి, "బాగుండాది, పెద్ద క్యాలెండర్ మాదిరి" అని భోజనానికి వెళ్లిపోయాడు.

ఆయన వెటకారం చేయలేదు, ఉన్నమాటే అన్నాడు. బొమ్మను గోడకు అతికించానే తప్ప ఆ గదిలో బొమ్మ తాలూకు మనసు ఏమీ లేదు. దాని తర్వాత చేసిన ఇంకో ఇంట్లో కాస్త బుద్ధి వచ్చింది. ఆ ఇంటినే ఉదాహరణగా పెట్టుకుని, ఒక బొమ్మలోని కథనూ భావాన్నీ ప్లానులోకి, ఎత్తుల్లోకి, వెలుగులోకి ఎలా తేవాలో వరసగా చెప్తాను. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలకూ, సొంతిల్లు కట్టుకుంటూ మేస్త్రీతో రోజూ తలపడే వాళ్లకూ ఇద్దరికీ పనికొస్తుందనే అనుకుంటున్నా.

1. ఒక్క బొమ్మే, అదీ అసలుది

ఫోన్లో నలభై ఫొటోలు సేవ్ చేసుకుని అన్నింట్లోంచి కొంచెం కొంచెం తీసుకుంటే చివరికి ఏదీ మిగలదు. ఒక్కటి తీసుకోండి. అందంగా ఉండటం ఒక్కటే చాలదు, అందులో ఏదో జరుగుతూ ఉండాలి. వీలైతే అసలు బొమ్మ ముందుకే వెళ్లి కూర్చోండి. తిరుపతిలో ఉన్నవాళ్లకు శ్రీకాళహస్తి ఎంత దూరం, బస్సెక్కితే గంట. అక్కడ కలంకారీ వేసేవాళ్ల ఇళ్లల్లో ఒక పూట గడిపితే పుస్తకాలన్నీ ఒక పక్కన పెట్టేయొచ్చు.

ఫొటో చూసి రంగులు నిర్ణయించే వాళ్లకు ఒక మాట. డచ్ చిత్రకారుడు వాన్ గో 1888లో ఫ్రెంచి ఊరు ఆర్ల్‌లోని తన పడగ్గదిని బొమ్మగా వేశాడు. ఇప్పుడు మనకు అందులో గోడలు నీలంగా కనిపిస్తాయి. నిజానికి ఆయన వేసింది లేత ఊదా రంగు. అందులోని ఎరుపు కాలక్రమంలో వెలిసిపోయి నీలం మిగిలింది. ఆ నీలాన్ని షేడ్ కార్డుతో పోల్చుకుని పడగ్గదికి పూయించుకున్న వాళ్లు ఎంతమంది ఉంటారో!

నా క్లయింటు ఒక రిటైర్డ్ టీచరమ్మ. ఆవిడ దగ్గర చాలా ఏళ్ల నాటి కలంకారీ ఒకటి ఉంది. అశోకవనంలో సీత కూర్చుని ఉంటుంది, పైన శింశుపా చెట్టు ఆకుల మధ్య హనుమంతుడు. చుట్టూ చిన్న చిన్న గళ్లలో ముందు వెనకల కథ, గళ్ల కింద తెలుగు అక్షరాలు. "ఇది ఇంట్లో ఉన్నట్టు ఉండాల, కానీ గోడకు అతికించొద్దు నాయనా" అన్నారు. ఆ పెద్దాయన మాట ఈవిడకెవరు చేరవేశారో నాకు ఇప్పటికీ తెలీదు.

2. విశేషణాలు కొట్టేయండి, క్రియలు రాయండి

బొమ్మ ముందు ఇరవై నిమిషాలు కూర్చుని ఒక పేజీ రాయండి. షరతు ఒకటే: ప్రశాంతం, గంభీరం, దివ్యం లాంటి మాటలు వాడకూడదు. "ప్రశాంతంగా ఉండాలి" అంటే మేస్త్రీ ఏం కడతాడు? ఎవరు ఏం చేస్తున్నారు, ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఇంకా తెలీదు, ఇప్పుడే ఏం అయిపోయింది, ఇంకాసేపట్లో ఏం కాబోతోంది, ఇవే రాయాలి.

నేను రాసుకున్నది ఇంతే: ఆమె ఎదురుచూస్తోంది. అతను వచ్చేశాడు, ఆమెకు ఆ సంగతి తెలీదు. అతను పైనుంచి చూస్తున్నాడు. ఆకులు అతన్ని దాస్తున్నాయి. కిందికి దిగడానికి సమయం చూసుకుంటున్నాడు.

ఈ ఐదు వాక్యాల్లో ఇల్లంతా ఉంది, గమనించారా? పైనా కిందా, దాపు, చూపు, దిగడం. ఇవన్నీ కట్టగలిగినవే. రంగుల దాకా మనం ఇంకా వెళ్లనేలేదు.

3. బొమ్మ ఎముకలు గీయండి

ట్రేసింగ్ కాగితం పెట్టి గీత గీత కాపీ చేయకండి. పెద్ద ఆకారాలు మాత్రమే గీసుకుని, ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు వెతకండి. నా కన్ను ఎక్కడుంది? వెలుగు ఎటునుంచి వస్తోంది? ఏది దాచి ఉంది? ఎక్కడ ఖాళీ, ఎక్కడ కిక్కిరిసి ఉంది?

పాశ్చాత్య బొమ్మలకు ఇవి సూటిగా పనిచేస్తాయి. అమెరికన్ చిత్రకారుడు హాపర్ 1942లో వేసిన 'నైట్‌హాక్స్' తీసుకోండి. అర్ధరాత్రి వీధి, మూల మీద గాజు గోడల హోటలు, లోపల నలుగురు. వీధిలోంచి ఆ హోటల్లోకి వెళ్లే తలుపు ఎక్కడా కనిపించదు. మనం చీకట్లో నిలబడి వాళ్లను చూస్తాం, లోపలికి వెళ్లలేం. ఆ ఒంటరితనం రంగులతో వచ్చింది కాదు, కనబడని ఆ తలుపుతో వచ్చింది. (రాత్రి రెండింటికి తిరుపతి బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు, గుండు చేయించుకుని ఊరి బస్సు కోసం చూస్తున్న వాళ్లను దూరం నుంచి చూడండి, అదే బొమ్మ. కాకపోతే మన కొట్టుకు అసలు గోడలే లేవు కాబట్టి అంత ఒంటరితనం లేదు.)

కలంకారీ దగ్గరికొచ్చేసరికి నేను బోల్తా పడ్డాను. వెలుగు ఎటునుంచి అని అరగంట వెతికాను, దొరకదు. ఎందుకంటే కలంకారీలో నీడ పడదు. దీపం లేదు, సూర్యుడు ఒక మూల నుంచి కొట్టడు, బొమ్మ అంతా ఒకే వెలుగులో ఉంటుంది. దూరం కూడా లేదు. ముఖ్యమైన మనిషి పెద్దగా ఉంటాడు, అంతే. మరి ఒక చోటును ఇంకో చోటు నుంచి వేరు చేసేది ఏంటి? అంచులు. నల్ల గీత, దాని పక్కన పూల పట్టీ, మళ్లీ నల్ల గీత. గడి దాటితే కథలో కాలం మారిపోతుంది.

అక్కడ నాకు మూడు సంగతులు దొరికాయి. నీడలు కొట్టొచ్చినట్టు పడని మెత్తటి వెలుగు కావాలి. గదులను తలుపులతో విడదీయడం కన్నా గడపలతో, అంచులతో, ఎత్తు తేడాతో విడదీయాలి. ఇంట్లో ముఖ్యమైన చోటు ఏదో ముందే తేల్చుకుని దానికే పెద్దపీట వేయాలి, కారు పార్కింగుకు కాదు.

4. బొమ్మలో ఎవరు ఇంట్లో ఎవరు?

అన్నింట్లోకీ ముఖ్యమైన మెట్టు ఇదే. చాలామంది దీన్ని దాటేసి నేరుగా రంగులకు పోతారు. కథ ఉన్న బొమ్మలో పాత్రలకు చోట్లు ఉంటాయి. ఇంట్లో మనుషులకూ చోట్లు ఉంటాయి. ఏది ఎవరికి అన్నది తేలితే ప్లాను సగం అయిపోయినట్టే.

నా మొదటి ప్లానులో, గేటు తీసుకుని వచ్చిన మనిషి ఎత్తుగా, కాస్త చీకటిగా ఉన్న చోట నిలబడతాడు. చెక్క జాలీ సందుల్లోంచి కింద హాల్లో వెలుగులో కూర్చున్న టీచరమ్మ కనిపిస్తారు. నాలుగు మెట్లు దిగి ఆవిడ దగ్గరికి వెళ్లాలి. బొమ్మ అచ్చంగా దిగిపోయిందని సంబరపడుతూ డ్రాయింగు తీసుకెళ్లాను.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "ఇంట్లో ఒక్కదాన్నే ఉంటా. వచ్చినోడు ఎవుడో ఏమో, ముందు వాడు నన్ను చూస్తే నాకేం సుఖం నాయనా? సీతమ్మ చానా ఎదురుచూసింది. నన్ను ఆ చెట్టు మీద కూర్చోబెట్టు."

ప్లాను తిరగబడింది, బాగుపడింది కూడా. చెట్టు పైచోటు ఆవిడది. వచ్చేవాళ్లు కింద వెలుగులోకి వస్తారు. ఆవిడ చూసుకుని, సమయం చూసుకుని దిగుతారు, లేదా దిగరు. కొడుకు ఏడాదికోసారి వచ్చినప్పుడు గేటు తీయకముందే ఆవిడకు కనబడతాడు. క్లయింటును బొమ్మ ముందు కూర్చోబెట్టి "ఇందులో మీరెవరు?" అని అడగండి. వాళ్లు చెప్పే జవాబు మీ ఊహకు దొరకదు.

5. అడుగుల్లోకి దించడం

స్థలం 30 ఇంటూ 50, రోడ్డు తూర్పున. ఎత్తులన్నీ రోడ్డు నుంచి చెప్తాను. హాలు ఒకటిన్నర అడుగు పైన. ఆవిడ కూర్చునే తిన్నె, వంటిల్లు, పడగ్గది అన్నీ మూడున్నర అడుగుల పైన. మధ్యలో రెండడుగుల తేడా, అంటే అరడుగు చొప్పున నాలుగు మెట్లు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ. ఆవిడ రోజువారీ పనులన్నీ పై మట్టంలోనే అయిపోతాయి కాబట్టి పదేపదే ఎక్కిదిగే బాధ లేదు. హాలును గుంటలోకి దించుదామని ఎవరైనా ముచ్చటపడితే 2021 నవంబరు వరదలు గుర్తు చేయండి. తిరుపతిలో రోడ్డు మట్టం కన్నా కిందకు ఏ గదినీ దించకూడదు.

తిన్నె మీద కుర్చీలో కూర్చున్న ఆవిడ కన్ను నేల నుంచి సుమారు మూడు ముప్పావు అడుగుల ఎత్తులో ఉంటుంది, రోడ్డు నుంచి లెక్కేస్తే ఏడుంపావు. హాల్లో నిలబడ్డ మనిషి కన్ను ఆరున్నర. అంటే ఆవిడ కూర్చుని ఉండి కూడా నిలబడ్డవాణ్ని ముప్పాతిక అడుగు పైనుంచి చూస్తారు. ఈ తొమ్మిది అంగుళాలే బొమ్మలోని చెట్టు. ఇంకా పెంచితే జడ్జిగారి కుర్చీ అయిపోతుంది, వచ్చినవాడు బిక్కచచ్చిపోతాడు.

శ్లాబు అంతా ఒకే మట్టం, పన్నెండున్నర అడుగులు. హాల్లో 11 అడుగుల ఎత్తు వస్తుంది, పై గదుల్లో 9. తిన్నె మీద మాత్రం ఏడున్నర దగ్గర చెక్క కప్పు వేసి, పైన మిగిలిన ఒకటిన్నర అడుగును అటకగా వదిలాం, పాత పుస్తకాలకూ సంక్రాంతి గంగాళాలకూ. తక్కువ ఎత్తు కప్పు కింద కూర్చుని ఎత్తైన గదిలోకి చూస్తే కొమ్మల కింద కూర్చున్నట్టే ఉంటుంది. ఆకుల బొమ్మ ఒక్కటి కూడా చెక్కలేదు.

తిన్నెకూ హాలుకూ మధ్య వేప చెక్క పట్టీలు నిలువుగా, పట్టీకి పట్టీకి రెండు అంగుళాల సందు. వడ్రంగి మొదట అడ్డంగా కొట్టబోయాడు. అడ్డంగా ఉంటే దుమ్ము కూర్చుంటుంది, పిల్లలు నిచ్చెనలా ఎక్కుతారు.

6. వెలుగు: ఇక్కడ తొందర పడొద్దు

జాలీ వెనక మనిషి కనబడకూడదంటే జాలీ మాత్రమే చాలదు. చీకటి వైపు నుంచి వెలుగు వైపుకే చూపు దాటుతుంది. అందుకే తిన్నె వెనక గోడకు కిటికీ పెట్టలేదు, వెనక వెలుగుంటే మనిషి ఆకారం నల్లగా తేలిపోతుంది. గాలికి పక్కన చిన్న వెంటిలేటరు, అంతే.

రాత్రయితే లెక్క తిరగబడుతుంది. తిన్నె మీద లైటు వేసి హాల్లో ఆర్పితే ఆవిడే 'నైట్‌హాక్స్'లోని మనిషైపోతారు, వీధిలో పోయేవాడికి సినిమా. కాబట్టి తిన్నె లైటు, హాలు లైటు, గేటు లైటు మూడింటికీ స్విచ్చులు ఆవిడ చేతి దగ్గరే ఉన్నాయి, తిన్నె లైటుకు డిమ్మరు కూడా. ఎలక్ట్రీషియన్‌కు ఇది వైర్ల కోసం గోడల్లో గాడులు కొట్టకముందే చెప్పాలి. నేను ఆలస్యంగా చెప్పి రెండు గాడులు మళ్లీ కొట్టించాను.

ఇక పగటి వెలుగు. బొమ్మలోని కిటికీని కళ్లు మూసుకుని మన ఊరికి తేకండి. డచ్ చిత్రకారుడు వెర్మీర్ బొమ్మల్లో ఎడమ కిటికీలోంచి వచ్చే ఆ పాల లాంటి వెలుగు హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊరిది, 52 డిగ్రీల ఉత్తర అక్షాంశం, మబ్బు ఆకాశం. తిరుపతి పదమూడున్నర డిగ్రీల పైచిలుకు. అంత కిటికీ ఇక్కడ పడమర వైపు పెడితే వెలుగు సంగతి దేవుడెరుగు, మే నెలలో సోఫా మీద అప్పడాలు కాల్చుకోవచ్చు.

ఇక్కడ సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ చివర్లో, ఆగస్టు మధ్యలో, నడినెత్తికి వస్తాడు. ఆ మధ్య నెలల్లో మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. "ఉత్తరం కిటికీలో ఎండ రాదు" అని గుడ్డిగా నమ్మేవాళ్లకు ఇదే దెబ్బ. మధ్యాహ్నపు ఎండ దాదాపు నిటారుగా ఉంటుంది కాబట్టి ఒకటిన్నర అడుగుల సన్‌షేడు దాన్ని ఆపేస్తుంది. పొద్దునా సాయంత్రం ఏటవాలుగా వచ్చే ఎండకు మాత్రం కిటికీ పక్కల నిలువు రాతి పలకలు కావాలి, పడమటి వైపు తప్పనిసరి. దక్షిణాన డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు సుమారు 53 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. రెండడుగుల సన్‌షేడు కిటికీలో రెండున్నర అడుగుల దాకా నీడ ఇస్తుంది, కింద పడే కాస్త ఎండ చలికాలంలో ఎవరికీ చేదు కాదు. పడమర వైపు బాత్రూములూ స్టోరూ పెట్టేయండి.

నీడలు పడని వెలుగు ఉత్తరం నుంచే వస్తుంది. తిరుపతిలో దానికి ఇంకో బోనసు ఉంది. కొండ ఊరికి ఉత్తరాన ఉంది కదా, మన వైపు తిరిగిన దాని ముఖం మీద చలికాలమంతా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ ఉంటుంది. అంటే ఉత్తరం కిటికీలోంచి చూస్తే కిటికీ నీడలో, కొండ వెలుగులో. సాయంత్రం ఆ ఎర్రటి చరియలు చూస్తుంటే బొమ్మ కొనుక్కోవాలనిపించదు. హాలు పెద్ద కిటికీ అటే పెట్టాం, తిన్నె మీంచి కూడా అది కనబడేలా.

వెలుగును కంటితో నేర్చుకోవాలంటే ఒకసారి మధ్యాహ్నం చంద్రగిరి రాజమహల్‌కు వెళ్లండి. కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మూడంతస్తుల మహలు. మందపాటి గోడల తోరణాల్లో నిలబడి, ఎండ ఎక్కడ ఆగిపోతోందో, లోపలికి వచ్చేసరికి ఎంత మెత్తబడుతోందో చూడండి.

7. అట్టముక్కలతో నమూనా

ఇరవైకి ఒకటి స్కేలులో హాలు, తిన్నె వరకు చాలు. చెప్పుల డబ్బా అట్టలు, ఫెవికాల్. డాబా మీదికి తీసుకెళ్లి దిక్కులు సరిగ్గా పెట్టి పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగుకు చూడండి. ఫోను కెమెరా నేల నుంచి మూడంగుళాల్లో పెడితే అది నిలబడ్డ మనిషి చూపు, రెండుంపావు అంగుళాల్లో పెడితే కూర్చున్న మనిషి చూపు. త్రీడీ చిత్రాలు వద్దనను, కానీ కంప్యూటర్లో ప్రతి గదీ దసరా బొమ్మల కొలువులా వెలిగిపోతూ కనిపిస్తుంది, నమ్మలేం.

మా నమూనాలో ఒక తప్పు దొరికింది. హాల్లోని తెల్లటి నేల వెలుగును తన్ని జాలీ వెనక్కి పంపిస్తోంది, తిన్నె మీద పెట్టిన అట్ట మనిషి స్పష్టంగా కనబడుతోంది. అంటే హాలు నేల ముదురుగా ఉండాలి. తెల్ల టైల్స్ ఆర్డరు ఆ రోజే ఆపేశాను.

8. రంగులూ సామాన్లూ చివర్లోనే

బొమ్మలోని రంగును చూసే ముందు అది ఏ వరసలో పడిందో చూడండి. కలంకారీలో ముందు గుడ్డను కరక్కాయ, గేదె పాలల్లో నానబెట్టి ఆరేస్తారు. చింతబొగ్గుతో బొమ్మ గీస్తారు. తర్వాత వెదురు కలంతో కసిమి గీత. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వారాల తరబడి పులిస్తే వచ్చే ఆ నీళ్లు కుండలో పెద్ద నల్లగా ఉండవు, కరక్కాయ గుడ్డ మీద పడగానే నల్లబడతాయి. పాలల్లోని కొవ్వు గీతను పాకనివ్వదు. ఆ తర్వాత పటిక పూసి ఎరుపు, ఇంకా తర్వాత పసుపు, నీలం.

మేమూ అదే వరస పట్టాం. గుడ్డ అంటే గోడ. సున్నం గారలో కాస్త పసుపు మట్టి రంగు కలిపి, కరక్కాయ గుడ్డలాంటి మీగడ రంగు. కసిమి గీత అంటే అంచు. మట్టం మారే ప్రతి చోటా, గడపల దగ్గరా, మెట్ల అంచునా రెండు అంగుళాల కడప రాతి పట్టీ. మెట్టు అంచు నల్లగా కనబడితే పెద్దవాళ్లు తడబడరు, అందం సంగతి తర్వాత. ఎరుపు నేలకు, రెడ్ ఆక్సైడ్ గచ్చు. నీలం ఒక్క చోటే, వీధి తలుపుకు. డచ్ ఆర్కిటెక్ట్ రీట్‌వెల్డ్ 1924లో ఉట్రెక్ట్‌లో కట్టిన ష్రోడర్ ఇంటి నుంచి చాలామంది ఎరుపు, నీలం, పసుపు గళ్లు మాత్రం ఎత్తుకొచ్చి కాంపౌండు గోడలకు పూస్తారు. ఆ ఇంటి గొప్పతనం పై అంతస్తులో జరిపితే గదులు మారిపోయే అడ్డుతెరల్లో ఉంది. వాటిని ఎవరూ ఎత్తుకురారు.

గార వేసే మేస్త్రీ మొదటి రోజు గోడను అద్దంలా నున్నగా తీశాడు. బాగుంది, కానీ బతుకు లేదు. నా దగ్గరున్న కలంకారీ ముక్క ఒకటి ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలితో గీత మీద రాసి చూశాడు. "గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. చెయ్యి తెలస్తా ఉంది సార్" అన్నాడు. "గోడలో కూడా చెయ్యి తెలియాలన్నా" అన్నాను. రెండో గోడకు ఇనుప కరణె పక్కన పెట్టి చెక్క తాపీతో రుద్దాడు, సాయంత్రం ఏటవాలు వెలుగులో ఆ గోడ మీద ఆయన చెయ్యి తిరిగిన వంపులన్నీ కనిపించాయి. మొదటి గోడ మళ్లీ చేస్తానని ఆయనే అడిగాడు, అదనంగా ఒక రోజు కూలీ పడింది.

9. తెలియని మనిషిని నడిపించండి

పని అయ్యాక బొమ్మ సంగతి ఏమాత్రం తెలియని ఒకరిని ఇంట్లో తిప్పండి. నోరు మూసుకుని వెనక నడవండి, "ఇది శింశుపా చెట్టండీ" అని వివరించారో, పరీక్ష చెల్లదు. ఎక్కడ ఆగారు, ఎక్కడ గొంతు తగ్గించారు, ఎక్కడ తలెత్తి చూశారు, నోట్ చేసుకోండి. టీచరమ్మ ఇంటికి గ్యాస్ సిలిండరు తెచ్చిన కుర్రాడు హాల్లో నిలబడి రెండుసార్లు "అమ్మా" అని పిలిచి, జాలీ వైపు తిరిగి "ఈడే ఉండారా" అని నవ్వాడు.

ఇక అసలు కలంకారీ ఎక్కడ పెట్టాలి? సహజ రంగులు ఎండకు వెలిసిపోతాయి కాబట్టి ఉత్తరం కిటికీ ఎదురుగా, హాలు మధ్యలో పెట్టకండి. టీచరమ్మ దాన్ని పడగ్గది లోపలి గోడకు పెట్టించుకున్నారు, ఆరు నెలలు గోడ మీద, ఆరు నెలలు పెట్టెలో. తీసి దాచేటప్పుడు మడతపెట్టొద్దు, మడత దగ్గర గుడ్డ చిరుగుతుంది. ప్లంబింగులో మిగిలిన నాలుగంగుళాల పీవీసీ పైపుకు ఉతికిన పాత నూలు పంచె చుట్టి, బొమ్మ వైపు బయటికి వచ్చేలా దాని మీద చుట్టుకుంటూ పోండి, పైన ఇంకో నూలు గుడ్డ. ప్లాస్టిక్ కవర్లో మాత్రం పెట్టకండి, వానాకాలం లోపల చెమ్మ పట్టేస్తుంది.